అంతరిక్ష పరికరాలకు డబ్బు పెట్టాల్సింది ప్రభుత్వమా, ప్రైవేటువాళ్లా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హన్మకొండలో ఫిజిక్స్ చెప్తాను. వానలు వెనక్కి తగ్గాక, చలికాలం శని, ఆదివారాల్లో టెలిస్కోప్ కారులో వేసుకుని ములుగు, పరకాల, హుజూరాబాద్ వైపు బడులకు వెళ్తుంటాం. శనిగ్రహం వలయాలు చూసిన పిల్లలు గ్రహాల గురించి అడుగుతారు. వెనక నిలబడ్డ తల్లిదండ్రులు, టీచర్లు డబ్బు గురించి అడుగుతారు. ఏ ఊరికెళ్లినా ఇంచుమించు అవే ప్రశ్నలు. వాటిని ఇక్కడ దశలవారీగా రాసిపెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదట్లోనే వచ్చే అనుమానాలు

మా బడిలో పిల్లలకు బెంచీలు లేవు. వందల కోట్లు చంద్రుడి మీద పెట్టడం అవసరమా సార్?

ఈ ప్రశ్న అడిగినవాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాలేదు. కింద కూర్చుని రాసుకునే పిల్లలను నేనూ చూస్తున్నాను. అయితే లెక్క చూద్దాం. 2024-25 కేంద్ర బడ్జెట్ మొత్తం సుమారు 48.2 లక్షల కోట్లు. అందులో అంతరిక్ష శాఖకు కేటాయించింది సుమారు 13,043 కోట్లు. అంటే వంద రూపాయల్లో 27 పైసలు. ఆ 27 పైసల్లోనే రాకెట్లు, వాతావరణ ఉపగ్రహాలు, సమాచార ఉపగ్రహాలు, గగన్‌యాన్ అన్నీ ఉన్నాయి. కేవలం సైన్సు కోసం పంపే పరికరాల వాటా అందులో చిన్న ముక్క. చంద్రయాన్-3 మొత్తానికి అయింది సుమారు 615 కోట్లు, అదీ కొన్నేళ్ల మీద.

ఆ పైసలు ఆపేస్తే రేపు మన బడికి బెంచీలు వస్తాయా అంటే, రావు. అవి వేరే పద్దు, వేరే శాఖ, చాలావరకు రాష్ట్రం చేతిలోని పని. బెంచీల కోసం అడగాల్సిందే, గట్టిగా అడగాల్సిందే. ఆ అర్జీ మీద నేనూ సంతకం పెడతాను.

"ప్రైవేటు డబ్బు" అంటే ఎవరిది? కంపెనీలదా, దాతలదా?

రెండూ కలిపి అనేస్తుంటాం, కానీ ఒకటి కాదు. దాత ఇచ్చిన డబ్బు తిరిగి అడగడు, మహా అయితే పేరు అడుగుతాడు. పెట్టుబడిదారు లాభంతో సహా వెనక్కి అడుగుతాడు. జనం తలా కొంత వేసే చందా మూడో రకం. చట్టం ప్రకారం కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టాల్సిన సీఎస్‌ఆర్ డబ్బు నాలుగోది. సైన్సు పరికరాలకు ఇప్పటిదాకా ఎక్కువగా పనికొచ్చిన ప్రైవేటు డబ్బు దాతలదే.

రాకెట్లు ప్రైవేటు కంపెనీలే చేస్తున్నాయి కదా, టెలిస్కోపులు కూడా వాళ్లే చేసుకోరా?

రాకెట్ బండి లాంటిది. ఎవరి సరుకైనా ఎక్కించుకుని కిరాయి తీసుకోవచ్చు. కాబట్టి దానికి మార్కెట్ ఉంది. టెలిస్కోప్, ఎక్స్‌రే డిటెక్టర్, సూర్యుణ్ని గమనించే కెమెరా లాంటివి అలా కాదు. నక్షత్రం నుంచి వచ్చిన వెలుగును కొనేవాడు ఉండడు. పదేళ్లు కష్టపడి చేసిన పరికరం చివరికి ఇచ్చేది జ్ఞానం, అది అందరిదీ. దాన్ని బజార్లో అమ్మలేం. అందుకే హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ రాకెట్ ఎగరేసిందని చెప్పి, రేపు ఎవరో ఒకరు లాభం కోసం ఇస్రో అంతరిక్ష టెలిస్కోప్ ఆస్ట్రోశాట్ లాంటిది కడతారని అనుకోకూడదు.

మరి లాభం లేనప్పుడు డబ్బున్నవాళ్లు ఎందుకు పెట్టారు?

పేరు కోసం, ఇష్టం కోసం, కొందరు నిజమైన జిజ్ఞాసతో. అమెరికాలో జేమ్స్ లిక్ అనే ఆయన పియానోలు చేసి, భూములు కొని బాగా సంపాదించాడు. ఆయన ఇచ్చిన డబ్బుతో కట్టిన 36 అంగుళాల టెలిస్కోప్ 1888లో పనిచేయడం మొదలుపెట్టింది. ఆయన సమాధి ఆ టెలిస్కోప్ కిందే ఉంది. షికాగోలో ట్రాముల వ్యాపారి యెర్కెస్ డబ్బుతో 40 అంగుళాలది 1897లో వచ్చింది. విశ్వం వ్యాకోచిస్తోందని హబుల్ తేల్చడానికి వాడిన 100 అంగుళాల మౌంట్ విల్సన్ టెలిస్కోప్ (1917) కూడా హుకర్ అనే వ్యాపారి, కార్నెగీ సంస్థ ఇచ్చిన డబ్బుతో కట్టిందే. రెండో ప్రపంచ యుద్ధం దాకా అమెరికాలో ఖగోళశాస్త్రం పెద్ద పరికరాలు చాలా వరకు ఇలాగే వచ్చాయి.

## డబ్బు పుట్టించే దశ

మన తెలంగాణలో ఎవరైనా సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టారా?

పెట్టారు. ఈ సంగతి మన పిల్లలకు పాఠంగా చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది. నిజాం కాలంలో నవాబ్ జాఫర్ జంగ్ అనే ప్రభువు హైదరాబాద్‌లో 1901లో సొంత ఖర్చుతో నిజామియా అబ్జర్వేటరీ స్థాపించాడు. 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ ఇంగ్లండ్ నుంచి తెప్పించాడు. తన తర్వాత అది ఏమవుతుందో కూడా ఆలోచించాడు, ప్రభుత్వానికి అప్పగించే ఏర్పాటు చేశాడు. 1907లో ఆయన చనిపోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

ప్రభుత్వం చేతికి వచ్చాకే అసలు పని మొదలైంది. అప్పట్లో ప్రపంచ అబ్జర్వేటరీలు ఆకాశాన్ని వాటాలు వేసుకుని ఫొటోలు తీసి, నక్షత్రాల పట్టిక తయారు చేస్తున్నాయి. దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ మన నిజామియాకు వచ్చింది. చిలీలోని శాంటియాగో చేయలేక వదిలేసిన వాటా అది. మనవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి అచ్చువేశారు. నవాబు డబ్బు లేకపోతే టెలిస్కోప్ రాదు. ప్రభుత్వ జీతాలు లేకపోతే దశాబ్దాల పాటు ఆ ఫొటో పలకలు కొలిచేవాళ్లు ఉండరు. తర్వాత 1968లో ప్రభుత్వ డబ్బుతో ఇబ్రహీంపట్నం దగ్గర జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడ కూడా గమనించారు.

ఒక్క పెద్ద దాత దొరికితే పని అయిపోయినట్టేనా?

కాదు. రెండు ఉదాహరణలు చెప్తాను. చిలీలో ఉన్న వెరా రూబిన్ అబ్జర్వేటరీకి 2008లో సాఫ్ట్‌వేర్ రంగంలో సంపాదించిన చార్లెస్ సిమోని నిధి 2 కోట్ల డాలర్లు, బిల్ గేట్స్ కోటి డాలర్లు ఇచ్చారు. ప్రభుత్వ మంజూరు రాకముందే ఆ డబ్బుతో 8.4 మీటర్ల అద్దం పని మొదలైంది. అద్దం పోతపోసి, అరగదీసి, మెరుగుపెట్టడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి ముందు దొరికిన ఆ డబ్బు విలువ దాని అంకె కంటే చాలా ఎక్కువ. ఆ తర్వాత అసలు ఖర్చు అమెరికా ప్రభుత్వ సంస్థలు పెట్టాయి. 2025 జూన్‌లో తొలి చిత్రాలు వచ్చాయి.

రెండోది సెంటినెల్. భూమి వైపు వచ్చే గ్రహశకలాలను కనిపెట్టడానికి బీ612 ఫౌండేషన్ 2012లో ప్రకటించిన ప్రైవేటు అంతరిక్ష టెలిస్కోప్. ఖర్చు అంచనా సుమారు 45 కోట్ల డాలర్లు. విరాళాలు అంత రాలేదు. 2015లో నాసా తన ఒప్పందం నుంచి తప్పుకుంది, తర్వాత ప్రాజెక్టే ఆగిపోయింది. ఇప్పుడు అదే పని కోసం నాసా ప్రభుత్వ ఖర్చుతో నియో సర్వేయర్ కడుతోంది.

తలా వంద వేసుకుంటే ఉపగ్రహం పంపొచ్చా?

చిన్నదైతే, పని ఒక్కటే అయితే పంపొచ్చు. సూర్యకాంతి తోపుడుతో కక్ష్య మార్చుకునే లైట్‌సెయిల్-2 అలా వెళ్లిందే. ప్లానెటరీ సొసైటీకి సుమారు 50 వేల మంది ఇచ్చిన విరాళాలతో, మొత్తం 70 లక్షల డాలర్ల ఖర్చుతో తయారైంది. 2019 జూన్‌లో ఎగిరి 2022 నవంబర్ దాకా కక్ష్యలో ఉంది.

అందరికీ అలా కలిసిరాలేదు. 2013లో ప్లానెటరీ రిసోర్సెస్ అనే కంపెనీ ఆర్కిడ్ టెలిస్కోప్ కోసం 17 వేల మందికి పైగా జనం నుంచి 15 లక్షల డాలర్లకు పైగా పోగుచేసింది. మిగతా పెట్టుబడి దొరకలేదు. 2016లో ప్రాజెక్టు మానేసి డబ్బు తిరిగి ఇచ్చేశారు. చందా వేసే ముందు మిగతా ఖర్చు ఎవరిదో అడగండి.

ప్రభుత్వమే పెట్టాలి, ఇంకెవరూ పెట్టలేరు అన్నవి ఏవి?

ఫలితం ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియనివి. గురుత్వాకర్షణ తరంగాల కోసం అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ సుమారు 40 ఏళ్లు, వాటిని పట్టే లైగో అనే పరికరం మీద డబ్బు పెట్టింది. ప్రోటాన్ వెడల్పులో వెయ్యో వంతు కంటే చిన్న కదలికను కొలవాలి. మధ్యలో ఎన్నో ఏళ్లు ఏమీ కనిపించలేదు. 2015 సెప్టెంబర్ 14న మొదటిసారి దొరికింది. అంత ఓపిక ఏ పెట్టుబడిదారుకూ ఉండదు. ఉండాలని అడగడం కూడా న్యాయం కాదు, అది వాళ్ల పని కాదు.

ఇది మనకు దూరం సంగతి కాదు. లైగో-ఇండియా మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో రాబోతోంది. నిజామాబాద్ నుంచి నాందేడ్ దాటితే హింగోలి. 2023 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ 2,600 కోట్లు మంజూరు చేసింది. మన బాసర, బోధన్ పిల్లలకు ఇంత దగ్గరలో ఇంత పెద్ద పరికరం వస్తుంటే, దాని గురించి ఇక్కడ ఇంకా చాలా మాట్లాడుకోవాలి.

ప్రైవేటు కంపెనీలు వస్తే ఇస్రోను అమ్మేస్తారా?

2020లో ప్రకటించిన ఇన్-స్పేస్ అనే సంస్థ పని ప్రైవేటు వాళ్లకు అనుమతులివ్వడం, ఇస్రో సౌకర్యాలు వాడుకోనివ్వడం. 2023 అంతరిక్ష విధానం ప్రకారం ఇస్రో పరిశోధన, కొత్త సాంకేతికత, గ్రహాల మిషన్ల మీద దృష్టి పెట్టాలి, మామూలుగా నడిచే ఉత్పత్తి పనులు పరిశ్రమకు వెళ్లాలి. అది అమ్మకం కాదు. నా భయం వేరే ఉంది. "ప్రైవేటు వాళ్లు చూసుకుంటారులే" అని సైన్సు పరికరాల పద్దు మెల్లగా తగ్గిస్తే, ఆ ఖాళీని నింపేవాళ్లు ఉండరు. బడ్జెట్ వచ్చినప్పుడల్లా చూడాల్సింది ఆ పద్దునే.

## కొనే, పంపే దశ

గ్రాంటు మంజూరైంది అన్నారు, ఏడాదైనా పరికరం రాలేదు. ఎందుకు?

ప్రభుత్వ డబ్బుతో కొనాలంటే ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్ జెమ్ పోర్టల్ చూడాలి, అక్కడ లేకపోతే టెండర్ పిలవాలి, కమిటీ కూర్చోవాలి, బయటి దేశం సరుకైతే కస్టమ్స్ కాగితాలు ఉండాలి. మార్చి 31 లోపు ఖర్చుపెట్టి యూసీ (డబ్బు వాడినట్టు ధ్రువపత్రం) పంపకపోతే తర్వాతి విడత ఆగుతుంది. ఇదంతా పెద్ద టెన్షన్. కానీ ఆ కాగితం ఉండటం వల్లే ఎవరి డబ్బు ఎక్కడికి పోయిందో పదేళ్ల తర్వాత కూడా అడగగలం. దాత ఇచ్చిన డబ్బుతో వారంలో కొనొచ్చు. ఆ వేగం కావాల్సిన చోట దాతను, లెక్క కావాల్సిన చోట గ్రాంటును వాడుకోవడం మంచిది.

ప్రైవేటు ల్యాండర్ మీద ప్రభుత్వ పరికరం పంపితే, అది పడిపోతే నష్టం ఎవరికి?

ఇద్దరికీ. నాసా ఇప్పుడు చంద్రుడికి కొన్ని పరికరాలను కిరాయి బండి మాట్లాడుకున్నట్టు ప్రైవేటు ల్యాండర్ల మీద పంపుతోంది. 2024 జనవరిలో వెళ్లిన పెరెగ్రిన్ చంద్రుడి మీద దిగలేకపోయింది, దాని మీదున్న నాసా పరికరాలూ పోయాయి. 2025 మార్చి 2న ఫైర్‌ఫ్లై వారి బ్లూ ఘోస్ట్ 10 నాసా పరికరాలతో చక్కగా దిగింది. బండి ప్రైవేటుది, పరికరం ప్రభుత్వానిది. ఈ పద్ధతిలో ఒక్కో ప్రయాణం చవక. కొన్ని పోతాయని ముందే ఒప్పుకోవాలి. ఒకే ఒక్కటి తయారుచేసిన, మళ్లీ చేయలేని పరికరాన్ని మాత్రం ఇలా పంపకూడదు.

పొలంలో తెల్లటి పెద్ద కవరు, దానికి కట్టిన పెట్టె పడింది. ఎవరిది? విప్పి చూడొచ్చా?

విప్పొద్దు. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర టీఐఎఫ్‌ఆర్ బెలూన్ కేంద్రం ఉంది. అక్కడినుంచి ఎగిరే ప్లాస్టిక్ బెలూన్లు 30 కిలోమీటర్ల పైకి పరికరాలను తీసుకెళ్తాయి, పని అయ్యాక పారాచూట్‌తో దించుతారు. గాలిని బట్టి ఎక్కడైనా దిగొచ్చు. ఎగరేసే ముందు ఇచ్చే ప్రకటనల్లో మన వైపు జిల్లాల పేర్లు కూడా ఉంటాయి. పెట్టె మీద ఫోన్ నంబర్, చిరునామా రాసి ఉంటాయి. ముట్టుకోకుండా పోలీసులకో, ఆ నంబర్‌కో చెప్పండి. కొన్నిట్లో హైవోల్టేజీ కూడా ఉండొచ్చు. కొన్నేళ్ల శ్రమతో రాసుకొచ్చిన సమాచారం ఆ పెట్టెలోనే ఉంటుంది.

అది ప్రభుత్వానిదే అయ్యుండాలని లేదు. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లాలో దిగిన గుండ్రటి క్యాప్సూల్‌ను చూసి జనం గుమిగూడారు. అది హాలో స్పేస్ అనే స్పెయిన్ ప్రైవేటు కంపెనీది, ఎగరేసింది మాత్రం ఈ ప్రభుత్వ కేంద్రం నుంచే.

## నడిపే దశ

కట్టడం అయిపోయాక ఇంకా ఏం ఖర్చుంటుంది?

నేను ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. కొనడానికి పెట్టే డబ్బు వేరు, నడపడానికి పెట్టే డబ్బు వేరు. గ్రాంటు భాషలో నాన్-రికరింగ్, రికరింగ్ అంటారు. మొదటిదానికి రిబ్బన్ కటింగ్ ఉంటుంది, ఫొటో ఉంటుంది. రెండోదానికి ఏమీ ఉండదు. అందుకే అడిగేవాళ్లూ తక్కువ, ఇచ్చేవాళ్లూ తక్కువ.

మన ప్రాంతానికి ఇది కొత్త పాఠం కాదు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలంలో తవ్వినవి. తవ్వించడంతో ఊరుకోలేదు. చెరువు తవ్వించినవాళ్లకు, బాగోగులు చూసేవాళ్లకు భూమి మాన్యంగా ఇచ్చే దశబంధం పద్ధతి ఉండేది. తూము చూసే నీరటికాడికి పంటలో వాటా ఉండేది. ఆ ఏర్పాటు నడిచినన్నాళ్లు చెరువు నిలిచింది. అది చెడిన చోట పూడిక నిండి, కట్టకు గండిపడింది.

టెలిస్కోప్‌ది కూడా అదే కథ. మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకరైన పాల్ ఆలెన్ డబ్బుతో కాలిఫోర్నియాలో మొదలైన ఆలెన్ టెలిస్కోప్ అరే 350 డిష్‌లు అనుకుంటే 42 దగ్గర ఆగింది. 2011 ఏప్రిల్‌లో నడిపే డబ్బు లేక మూసేశారు. జనం చందాలతో ఆ ఏడాది చివర్లో మళ్లీ తెరిచారు. ప్రభుత్వానిదైతే ఈ బాధ ఉండదా అంటే, ఉంటుంది. ప్యూర్టోరికోలోని 305 మీటర్ల అరెసిబో రేడియో టెలిస్కోప్ అమెరికా ప్రభుత్వ డబ్బుతోనే నడిచింది. జాతీయ సైన్స్ ఫౌండేషన్ దాని ఖర్చు తగ్గించుకుంటూ వచ్చింది. కేబుళ్లు ఒకటొకటిగా తెగి 2020 డిసెంబర్ 1న పై వేదిక కూలి డిష్ మీద పడింది.

నేను మొదట పనిచేసిన ఒక కాలేజీకి ఒక దాత మంచి టెలిస్కోప్ ఇచ్చాడు. ఏఎంసీ (ఏటా బాగోగులు చూసే ఒప్పందం) లేదు, నేర్చుకున్న మనిషి లేడు. రెండు వానాకాలాలు స్టోర్‌రూములో ఉండి అద్దానికి బూజు పట్టింది. ఆ అద్దం తుడిచిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

డేటా ఎవరిది? ప్రైవేటు టెలిస్కోప్‌తో చూసింది దాచుకోవచ్చా?

ఒప్పందంలో ఏముందో అదే. కెక్ ఫౌండేషన్ 7 కోట్ల డాలర్లతో హవాయిలో మొదలైన 10 మీటర్ల కెక్ టెలిస్కోప్ సమయం మొదట్లో దాన్ని కట్టిన విశ్వవిద్యాలయాలది. తర్వాత నాసా ఆరో వంతు వాటా తీసుకుని ఆ సమయాన్ని బయటి శాస్త్రవేత్తలకు ఇచ్చింది. ప్రభుత్వ పరికరాల్లో మామూలుగా కొన్ని నెలలు, ఏడాది పాటు అడిగినవాళ్లకు, ఆ తర్వాత అందరికీ. 2015లో సుమారు 178 కోట్లతో పంపిన మన ఆస్ట్రోశాట్ డేటాను 2018 నుంచి ప్రపంచంలో ఎవరైనా తీసుకోవచ్చు. చంద్రయాన్-2, ఆదిత్య-ఎల్1 డేటా ఇస్రో వారి ప్రదాన్ పోర్టల్‌లో ఉచితం. జనగామలోనో మంచిర్యాలలోనో ఎమ్మెస్సీ చదివే పిల్ల లాప్‌టాప్‌తో సూర్యుడి మీద ప్రాజెక్టు చేయగలుగుతోందంటే కారణం ఇదే. ఎవరు డబ్బు పెట్టినా సరే, డేటా ఎన్నాళ్లకు బయటికొస్తుందో మొదటి కాగితంలోనే రాయించాలి.

## మన కాలేజీ, మన ఊరు

సింగరేణి, ఎన్‌టీపీసీ వాళ్ల సీఎస్‌ఆర్ డబ్బు అడగొచ్చా?

అడగొచ్చు. కంపెనీల చట్టం 2013 ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. తమ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. విద్య ఆ జాబితాలో ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సైన్సు పరిశోధనకు ఇచ్చేది కూడా ఉంది. కాబట్టి కాకతీయ యూనివర్సిటీ, నిట్ లాంటివి నేరుగా అడగొచ్చు. సీఎస్‌ఆర్‌తో కొన్న వస్తువు కంపెనీ పేరు మీద ఉండదు. అర్జీలో టెలిస్కోప్ ధర ఒక్కటే రాయకండి. ఐదేళ్ల నిర్వహణ ఖర్చు కూడా కలిపి రాయండి.

మా బీటెక్ పిల్లలు చిన్న పేలోడ్ (రాకెట్‌లో పంపే పరికరం) చేశారు. అంతరిక్షంలోకి వెళ్లే దారి ఉందా?

ఉంది, దాని పేరు పోయెమ్. పీఎస్ఎల్వీ నాలుగో దశ ఉపగ్రహాన్ని వదిలాక వృథాగా తిరగకుండా, దాని మీదే ప్రయోగాలు బిగిస్తారు. 2024 డిసెంబర్ 30న వెళ్లిన పోయెమ్-4లో 24 పేలోడ్లు ఉంటే, 10 ఇస్రో బయటివాళ్లవి, కాలేజీలవీ స్టార్టప్‌లవీ. ఇన్-స్పేస్ ద్వారా అప్లై చేయాలి. బండి ప్రభుత్వానిది, పేలోడ్ మీది. ప్రయోగం ముందు వైబ్రేషన్, వాక్యూమ్ పరీక్షలు ఉంటాయి, వాటికి డబ్బు, సమయం ముందే పక్కన పెట్టండి.

దాత తన తండ్రి పేరు పెట్టమంటున్నాడు. పెట్టొచ్చా?

నిరభ్యంతరంగా పెట్టండి. పేరు పరికరానికి ఇవ్వండి, నిర్ణయం ఇవ్వకండి. ఏ రాత్రి ఏం చూడాలో కాలేజీ కమిటీ తేల్చాలి.

మా ఊరి ఎన్నారై అన్న బడికి టెలిస్కోప్ కొనిస్తానంటున్నాడు. ఏం అడగాలి?

ముందు సంతోషంగా ఒప్పుకోండి. తర్వాత అన్నతో కూర్చుని ఇవి మాట్లాడండి. ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తిప్పుకునే సాదా టెలిస్కోప్) బడికి సరిపోతుంది, మోటార్లున్న ఖరీదైనది వద్దు, అది పాడైతే ఇక్కడ బాగుచేసేవాళ్లు దొరకరు. పెట్టె, తేమ పీల్చే సిలికా జెల్, వానాకాలంలో పొడిగా ఉండే గది కావాలి. కరీంనగర్ క్వారీల వైపైనా, భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ వైపైనా దుమ్ము ఎక్కువ, కప్పే గుడ్డ మంచిది కొనండి. కోతులు వచ్చే చోట కిటికీకి జాలీ ఉండాలి. ఇద్దరు టీచర్లు నేర్చుకోవాలి, ఒక్కరైతే ట్రాన్స్‌ఫర్ అయిన రోజే టెలిస్కోప్ మూలకు పడుతుంది. ధరలో కొంత తగ్గించి చిన్నది కొని, మిగిలిన డబ్బును బడి పేరిట బ్యాంకులో వేసి, దాని వడ్డీతో ఏటా సర్వీసింగ్ చేయించమనండి. పరకాల దగ్గర ఒక బడిలో ఇలాగే చేశారు. ఆ టెలిస్కోప్‌తో ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు మాకే గురుగ్రహం ఉపగ్రహాలు చూపిస్తున్నారు.